ఎంఎంటీఎస్‌ను చిన్నచూపు చూడొద్దు

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో ప్రజారవాణా గురించి ఎవరు మాట్లాడినా మెట్రో దగ్గరే ఆగిపోతున్నారు. మెట్రో 2017లో వచ్చింది. అంతకు 14 ఏళ్ల ముందే, 2003 ఆగస్టులో పట్టాలెక్కిన నగర లోకల్ రైలు ఎంఎంటీఎస్ అంటే నాకు ప్రాణం. సెకండ్ క్లాసులో కనీస టికెట్ ఇప్పటికీ 5 రూపాయలే. చాయ్ కూడా రాని డబ్బుతో నగరంలో రైలెక్కొచ్చు!

ఫలక్‌నుమా వైపు బండిలో ఒకసారి కూర్చుని చూడండి. ఆర్ట్స్ కాలేజీ స్టేషన్‌లో పుస్తకాల సంచులతో ఉస్మానియా విద్యార్థులు, కాచిగూడలో ఊళ్ల నుంచి దిగిన మూటాముల్లె, యాకుత్‌పురా దాకా పాతబస్తీ కబుర్లు. అటు నాంపల్లి లైన్లో సంజీవయ్య పార్కు దాటగానే తలుపు దగ్గరి నుంచి హుస్సేన్‌సాగర్ కనిపిస్తుంది. ఆ గాలికి ఆఫీసు టెన్షన్ సగం దిగిపోతుంది.

ఈ బండ్లు చాలాచోట్ల దూరప్రాంత రైళ్లు నడిచే పట్టాల మీదే నడుస్తాయి. ఎక్స్‌ప్రెస్ వస్తే లోకల్ ఆగాల్సిందే. అసలు చిక్కు అక్కడుంది. కనీసం ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లోనైనా లోకల్‌కే ముందు దారి ఇవ్వాలి. సర్వీసులు పెంచాలి. బేగంపేట, మలక్‌పేటల్లో మెట్రో స్టేషన్ పక్కనే ఉంది కాబట్టి రైలు, మెట్రో, సిటీ బస్సు మూడింటికీ ఒకే పాస్ పెడితే లింగంపల్లి ఉద్యోగికీ ఉప్పుగూడ కూలీకీ మేలు. బడ్జెట్లో కొత్త కారిడార్లకు కోట్లు కేటాయించే ముందు ఉన్న ఈ లైన్ల మీద రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం కలిసి కూర్చుని మాట్లాడాలని కోరుతున్నాను.

– ఒక ఎంఎంటీఎస్ అభిమాని, సీతాఫల్‌మండి, సికింద్రాబాద్