నియమం చెప్పని అంకెల పజిళ్లు

ఆదివారం అనుబంధాల్లో ‘తర్వాతి సంఖ్య ఏది?’ అంటూ నియమం చెప్పకుండా ఇచ్చే పజిళ్లు పిల్లల్ని తికమక పెడుతున్నాయి. మొన్న 1, 2, 4, 8, 16 తర్వాత మా మనవరాలు 31 అని రాసింది. జవాబుల్లో 32 అని ఉంది. ఊరుకుంటుందా! కంచం బోర్లించి వృత్తం గీసి, అంచు మీద ఆరు చుక్కలు పెట్టి, ప్రతి చుక్కనూ మిగతా అన్నింటితో కలిపి, లోపలి ముక్కలు నాతోనే లెక్కపెట్టించింది. ఒకటి నుంచి ఐదు చుక్కల దాకా ముక్కలు 1, 2, 4, 8, 16 వస్తాయి; ఆరింటికి, మూడు గీతలు ఒకేచోట ఖండించుకోకుంటే నిజంగానే 31. ‘అంతా క్వాంటమ్ అనిశ్చితి అత్తయ్యా’ అంటూ మా అల్లుడు భౌతిక శాస్త్రవేత్త హైజెన్‌బర్గ్‌ను లాక్కొచ్చాడు. ఆయన 1927లో చెప్పింది కణం స్థానం, ద్రవ్యవేగం (ద్రవ్యరాశిని వేగంతో హెచ్చిస్తే వచ్చేది) రెండూ ఒకేసారి కచ్చితంగా తేలవని. జవాబుల పట్టికకు ఆ మినహాయింపు లేదు. పజిల్ కిందే నియమం గురించి చిన్న సూచన ఇవ్వండి, కారణం చూపిన వేరే జవాబు వస్తే మరుసటి వారం అదీ వేయండి.

– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం