బాత్‌వెల్ కోట కంచె గురించి స్కాట్లాండ్ మంత్రిగారికి బహిరంగ లేఖ

సంస్కృతి వ్యవహారాలు చూసే మంత్రిగారికి,

నమస్కారాలు. ఇంగ్లీషులో రాసిన ఉత్తరాలకు వచ్చిందల్లా అందినట్టు ఒక రసీదు. తెలుగులో రాస్తే అంతకంటే తక్కువేం రాదు కదా అని ఈసారి మా భాషలోనే రాస్తున్నాను. మీరు చదవకపోయినా గ్లాస్గో చుట్టుపక్కల మావాళ్లయినా చదువుతారు.

విషయం మీకు తెలిసిందే, గ్లాస్గో దగ్గర శిథిలమైన బాత్‌వెల్ కోట చుట్టూ మీవాళ్లు వేసిన కంచె. రాళ్లు వదులయ్యాయి, తనిఖీ చేయాలి, అందాకా దగ్గరికి రావద్దన్నారు. సరే అన్నాం. పిల్లల నెత్తిన రాయి పడాలని ఎవరు కోరుకుంటారు? తనిఖీ అయ్యాక ఏం చేస్తారు, ఎప్పుడు చేస్తారు అంటే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. కంచె వేసి చేనును మరిచిపోయారు.

1301 సంగతి మీకు నేను చెప్పాలా? ఆ సెప్టెంబరులో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ 6,800 మందితో ఈ కోట మీదికి వచ్చాడు. గోడ దాటాలంటే ఎత్తైన చెక్క బురుజు కావాలి. దాన్ని గ్లాస్గోలో చేయించి, బండ్ల మీద వేయించి, రెండు రోజుల్లో ఇక్కడికి చేర్చాడు. నెల తిరక్కుండా కోట అతని చేతికి చిక్కింది. మోటార్‌వేలు లేవు, లారీలు లేవు. ఇప్పుడు అన్నీ ఉన్నాయి. అదే గ్లాస్గో నుంచి నాలుగు ఇనప గొట్టాల పరంజా రావడానికి మాత్రం ఏళ్లు పడుతోంది. కోటను పడగొట్టడానికి వచ్చినవాడికి ఉన్న తొందర, నిలబెట్టాల్సిన వాళ్లకు లేదన్నమాట.

సొంతవాళ్ల చేతిలో దెబ్బ తినడం దానికి కొత్త కాదు లెండి. 13వ శతాబ్దంలో వాల్టర్ ఆఫ్ మరే అనే ప్రభువు ఎర్ర ఇసుకరాతితో మొదలుపెట్టించిన ఆ గుండ్రటి మహాబురుజు అడ్డకొలత 65 అడుగులు, గోడ మందం 15 అడుగులు. ఆ తర్వాత యుద్ధాలు ముంచుకొచ్చి అనుకున్న కోట పూర్తే కాలేదు. లేవకుండా ఆగిపోయిన బురుజుల పునాదులు ఇప్పటికీ గడ్డిలో కనిపిస్తాయి. 1314లో బానక్‌బర్న్ యుద్ధంలో స్కాట్ల చేతిలో ఓడిన ఇంగ్లండు ప్రభువులు కొందరు ప్రాణాలు దక్కించుకుందామని ఇందులో దూరితే, కాపలా అధికారే వాళ్లను స్కాట్లకు అప్పగించాడు. 1336లో ఇంగ్లండు రాజు మూడో ఎడ్వర్డ్ వచ్చి బాగు చేయించుకుంటే, మరుసటి ఏడాది స్కాట్ల తరఫున సర్ ఆండ్రూ మరే తిరిగి గెలిచి, శత్రువుకు మళ్లీ పనికి రాకూడదని తన పూర్వీకుల బురుజునే పడగొట్టించాడు. సగం పోయింది, సగం నిలిచింది. ఆ సగమే మనకు మిగిలింది. అతనికి కనీసం ఒక కారణం ఉంది.

తర్వాత డగ్లస్ వంశం వాళ్లు తిరగకట్టారు. 17వ శతాబ్దం చివర ఫోర్‌ఫర్ ఎర్ల్ అనే ప్రభువు ఇక్కడి రాళ్లు తీసుకెళ్లి పక్కనే దివాణం కట్టుకున్నాడు. కింద బొగ్గు గనుల వల్ల నేల కుంగి ఆ దివాణాన్ని 1926లో కూల్చేశారు. కోట ఇంకా ఉంది! 1935 నుంచి ప్రభుత్వం చేతిలో ఉన్నా ఉంది.

వాన నీళ్లు రాళ్ల మధ్య కీళ్లలోకి దిగుతాయి, చలికి గడ్డకడతాయి, రాయి పొరలు పొరలుగా రాలుతుంది. సందుల్లో మొలిచిన మొక్కల వేళ్లు మిగతా పని చూసుకుంటాయి. పాత రోజుల్లో ఇలాంటి శిథిలాలకు సిమెంటు పూసి తేమను లోపలే బిగించేశారు. ఇప్పుడు దాన్ని తీసి సున్నంతో కీళ్లు పూడ్చాలని మీ నిపుణులకు నేను చెప్పనక్కర్లేదు. వాతావరణం మారింది, వానలు పెరిగాయి అంటున్నారు. అంటే తొందర పడాలనే కదా? మీరేమో అదే ఆలస్యానికి కారణంగా చూపిస్తున్నారు.

ఒక తేదీ చెప్పండి. అది కుదరకపోతే ఒక ఏడాది చెప్పండి. డబ్బు లేకపోతే లేదని చెప్పండి, మేమే చందాలు వేసుకుంటాం, గుళ్లకూ సంఘాలకూ వేసుకోవడం మాకు అలవాటే. "పరిశీలనలో ఉంది" అని మాత్రం ఇంకోసారి రాయకండి. ఏ గోడ ఏ స్థితిలో ఉందో ఆ తనిఖీ నివేదికను జనం ముందు పెట్టండి. తేదీ చెప్పండి.

ఏదీ కుదరదంటారా, చలికాలం వచ్చేలోపు ఆ బురుజు మీద మొక్కలైనా పీకించండి మహాప్రభో.

ఇట్లు,
గ్లాస్గోలో పన్నులు కట్టే ఒక తెలుగువాడు