పులికాట్ పక్షులతో పాటు పట్టణాన్నీ చూపించాలి

సంపాదకులకు నమస్కారం.

శీతకాలంలో సూళ్లూరుపేటలో పక్షుల పండుగ జరిగినప్పుడు తిరుపతి నుంచి ఎన్నో కుటుంబాలు వెళ్లి, నేలపట్టులో గూడబాతులను, పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలను చూసి వస్తున్నాయి. అయితే ఆ సరస్సు దక్షిణపు ఒడ్డున, తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలో, పులికాట్ అనే పట్టణం కూడా ఉందని, ఒకనాడు అది కోరమాండల్ తీరంలో డచ్చి వర్తకులకు ప్రధాన స్థావరమని వారికి చెప్పేవారు లేరు. పండుగ రోజుల్లోనైనా తిరుపతి నుంచి ఆ పట్టణం దాకా పర్యాటక బస్సు నడిపేలా రెండు రాష్ట్రాల పర్యాటక శాఖలు కలిసి ఏర్పాటు చేయాలని కోరుతున్నాను.

ఆ ఊరి చరిత్ర మనకు పరాయిది కాదు. చంద్రగిరి, వేలూరు కోటల నుంచి ఏలిన విజయనగర రాజు రెండవ వెంకటపతి రాయల అనుమతితోనే 1610లో డచ్చివారు అక్కడ వర్తకం మొదలుపెట్టారు. పోర్చుగీసువారి దాడి తరువాత 1613 నాటికి గెల్డ్రియా కోట కట్టుకుని, మన నేతగాళ్లు నేసిన బట్టలను, అద్దకం గుడ్డలను తూర్పు దీవులకు ఎగుమతి చేసి, వాటికి బదులుగా సుగంధ ద్రవ్యాలు కొన్నారు. 1690లో ప్రధాన స్థావరం నాగపట్నానికి తరలిపోయింది. కోట నేడు పొదలు కమ్మిన శిథిలం. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న డచ్చి శ్మశానంలో మాత్రం, అస్థిపంజరాల శిల్పాలున్న ద్వారం దాటి వెళితే, వంశ చిహ్నాలు, డచ్చి అక్షరాలు చెక్కిన సమాధి రాళ్లను చూడవచ్చు. తడ దాటి పొన్నేరి మీదుగా వెళ్లే తెలుగు యాత్రికులకు ఆ రాళ్ల కథ తెలుగులో చెప్పే ఫలకం ఒకటి ఎంతో అవసరం.

ఆ ఫలకంపై బట్టల వ్యాపారం గురించి మాత్రమే రాస్తే సరిపోదు. కరవు కాలాల్లో దిక్కులేని మనుషులను ఈ తీరంలో కొని, డచ్చివారు బానిసలుగా బటేవియాకు (నేటి జకార్తాకు) ఓడల్లో పంపిన సంగతి కూడా రాయాలి.

సరస్సుకు ఉత్తరాన, వాకాడు మండలంలోని దుగరాజపట్నాన్ని కూడా ఈ యాత్రలో చేర్చాలి. 1639లో మద్రాసు స్థలం సంపాదించడానికి ముందు ఆంగ్లేయులు ఆర్మగాన్ పేరుతో వర్తక స్థావరం నడిపింది అక్కడే. ఆ ఊళ్లో తగిన సమాచార ఫలకం ఏర్పాటు చేసే బాధ్యతను మన పర్యాటక శాఖ వచ్చే పక్షుల పండుగ లోపే తీసుకోవాలి.

ఒక పాఠకుడు,
తిరుపతి