ప్రధానోపాధ్యాయురాలి ఉత్తరం: గ్రూపు ప్రాజెక్టులో ఎవరి పని ఎవరు చేస్తున్నారు?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ టర్మ్‌లో నా దగ్గరికి ఫీజుల గురించి, బస్సుల గురించి వచ్చిన ఫిర్యాదుల కంటే గ్రూపు ప్రాజెక్టుల గురించి వచ్చినవే ఎక్కువ. ‘అంతా మా పాపే చేసింది, మార్కులు మాత్రం అందరికీ సమానంగా వేశారు’ అని కొందరు అన్నారు. ‘మా బాబును ఆ చార్టు ముట్టుకోనివ్వలేదు మేడమ్’ అని ఇంకొందరు. ఈ రెండూ ఒక్కోసారి ఒకే గ్రూపు నుంచి వచ్చాయి, రెండూ నిజమే. అందుకే వార్షికోత్సవం కబుర్లు వచ్చే నెలకు వాయిదా వేసి, ఈసారి దీని గురించే రాస్తున్నాను.

పదిమందిలో పాము చావదని మనవాళ్లు ఎప్పుడో అన్నారు. ఆ మాటను కొలిచి చూపించినవాడు ఫ్రాన్స్‌కు చెందిన వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్మాన్. మనుషుల చేత తాడు లాగించి, ఎవరెంత బలం పెడుతున్నారో లెక్కగట్టి, 1913లో ప్రచురించాడు. ఎనిమిది మంది కలిసి లాగేసరికి ఒక్కొక్కరి వంతు, విడిగా లాగినప్పటి బలంలో దాదాపు సగానికి పడిపోయింది. అందరూ ఒకే క్షణంలో లాగరు కాబట్టి కొంత బలం వృథా అవుతుంది, అది సరే. కానీ 1974లో అమెరికాలో ఇదే ప్రయోగాన్ని ఇంకోలా చేశారు. ఒకరి కళ్లకు గంతలు కట్టి, వెనకాల ఇంకొందరు లాగుతున్నారని నమ్మించారు. వెనకున్నవాళ్లు ఊరికే లాగినట్టు నటించారు, అంతే. అయినా ముందున్న మనిషి తన బలం తగ్గించేశాడు. వీళ్లంతా పెద్దవాళ్లేనని గమనించండి. అపార్ట్‌మెంట్ సంఘం మీటింగులకు వెళ్లే అలవాటున్న మీకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

1981లో మరో ప్రయోగం జరిగింది. ఈసారి జనాన్ని గట్టిగా అరవమన్నారు. గుంపులో ఉన్నా ఎవరి గొంతు ఎంతో విడిగా తెలిసిపోతుందని చెప్పాక, గుంపులోనూ ఒంటరిగా అరిచినంత గట్టిగానే అరిచారు. మేం మార్కుల పద్ధతి మారుస్తున్నది ఇందుకే. ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో ప్రాజెక్టు పనికి వచ్చేది ఐదు మార్కులు. ఇకనుంచి అందులో రెండు గ్రూపువి, మూడు ఎవరివి వాళ్లవి. ఏ రోజు ఎవరు ఏం చేశారో గ్రూపు పుస్తకంలో ఎవరి చేతిరాతతో వాళ్లే రాయాలి. చివర్లో టీచరు ఒక్కొక్కరినీ విడిగా రెండు మూడు ప్రశ్నలు అడుగుతారు. గ్రూపుకు ఆరుగురు కాదు, నలుగురే.

అయితే పని చేయని పిల్లల సంగతి ఇంతటితో తేలదు. వాళ్లలో చాలామంది తప్పించుకున్నవాళ్లు కాదు, తప్పించబడ్డవాళ్లు.

మొన్న ఎనిమిదో తరగతిలో మూసీ వరదల ప్రాజెక్టు జరుగుతుంటే వెనక బెంచీలో కూర్చుని చూశాను. ఒక గ్రూపులో ఒకమ్మాయి చాలా చురుకు. 1908 సెప్టెంబరు 28న హైదరాబాద్‌ను ముంచిన వరద, అఫ్జల్‌గంజ్ దగ్గర చింతచెట్టెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకోవడం, ఇంజనీరు విశ్వేశ్వరయ్యగారిని పిలిపించడం, 1920లో ఉస్మాన్‌సాగర్ (మనం గండిపేట అనేది), 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తికావడం, అన్నీ ముందే ప్రింటు తీసి తెచ్చుకుంది. పక్కనున్న అబ్బాయికి హెడ్డింగు రాసే పని ఇచ్చారు. వాడు ‘మూసీ’ అని రాసేలోపే ‘అక్షరాలు వంకర పోతున్నాయిరా’ అని స్కెచ్ పెన్ను లాక్కుంది. వైట్‌నర్ పూసి, పైన తెల్లకాగితం అతికించి, తనే మళ్లీ రాసింది. పీరియడ్ అయ్యేదాకా వాడి పని డబుల్ సైడ్ టేపు ముక్కలు కత్తిరించి బెంచీ అంచుకు వరసగా అంటించడం. ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు.

ఆ అబ్బాయి వాళ్లిల్లు మూసీ ఒడ్డున మూసారాంబాగ్‌లో. గండిపేట, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తితే అక్కడి పాత వంతెన మీద రాకపోకలు ఆపేసేవారు. నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో, అప్పుడు జనం ఏ దారిన చుట్టూ తిరిగి వెళ్తారో, 2020 అక్టోబరు వానలకు ఇళ్లల్లో ఏమేం తడిసిపోయాయో వాడికి తెలిసినంత ఆ ప్రింటు కాగితాల్లో లేదు. ఎవరూ అడగలేదు, వాడూ చెప్పలేదు. ఆ చార్టుకు మార్కులు బాగానే వచ్చాయి. చూడటానికి ముచ్చటగానే ఉంది, అందులో ఉన్నదంతా ఏ ఫోన్లోనైనా దొరికేదే.

ఆ అమ్మాయిని నేను తప్పుపట్టడం లేదు. ‘నీట్‌గా ఉంటేనే మార్కులు’ అని తనకు నేర్పింది పెద్దవాళ్లమే. అంతా తనే మోసే పిల్లకు కూడా సాయం కావాలి. పని పంచడం, ఇంకొకరు తనకంటే నిదానంగా చేస్తుంటే చేతులు కట్టుకుని ఓపిక పట్టడం ఫస్టు ర్యాంకు పిల్లలకు మిగతావాళ్ల కంటే కష్టం. వీళ్ల అమ్మానాన్నలే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు, ‘మా పాపను వేరే గ్రూపులో వెయ్యండి’ అని. ఎవరో అడిగారని గ్రూపులు మాత్రం మార్చం. టేపు కత్తిరించిన పిల్లవాడి అమ్మానాన్నలు సాధారణంగా రారు. వాళ్లకు ఈ సంగతే తెలియదు.

దీనికి ఎలియట్ ఆరన్సన్ అనే సైకాలజిస్టు 1971లో అమెరికాలోని ఆస్టిన్ బడుల్లో ఒక ఉపాయం చేశాడు. అప్పుడే నల్లజాతి, తెల్లజాతి, మెక్సికన్ పిల్లల్ని ఒకే తరగతిలో చేర్చారు, రోజూ గొడవలే. ఆయన పాఠాన్ని ముక్కలు చేసి, గ్రూపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్కే ఇచ్చాడు. నీ ముక్క నువ్వు చెబితే తప్ప మిగతావాళ్లకు పాఠం పూర్తి కాదు. నోరు మెదపని పిల్లవాణ్ని కూడా ఓపిగ్గా అడిగి చెప్పించుకోక తప్పలేదు. మేమూ ఈ దారి పడుతున్నాం. ప్రాజెక్టు మొదలయ్యే రోజే టీచరు నలుగురికీ నాలుగు వేరువేరు కాగితాలు ఇస్తారు. ఒకరికి పాత వరద, ఒకరికి జలాశయాలు, ఒకరికి మ్యాపు, ఇంకొకరికి తమ బస్తీలో పెద్దవాళ్లను అడిగి రాసుకురావడం. ఎవరి కాగితం వాళ్లే చదివి, సొంత మాటల్లో మిగతా ముగ్గురికీ చెప్పాలి.

ఇక ఇంటి సంగతి. ఉప్పల్ పిల్లవాడు, సరూర్‌నగర్ అమ్మాయి, మల్కాజిగిరి అబ్బాయి ఆదివారం ఒకచోట కలవాలంటే ముగ్గురు తండ్రులు బండ్లు తీయాలి. చివరికి ఎవరో ఒకరి అమ్మ రాత్రి పదకొండింటికి గ్లూ గన్ పట్టుకుని గండిపేట ఆనకట్ట కడుతుంది. నిరుడు అలా వచ్చిన మోడళ్లలో కొన్ని ఎంత బాగున్నాయంటే, ఇంజనీర్లయిన తల్లిదండ్రులు ఎవరో మాకు ఇట్టే తెలిసిపోయింది. కాబట్టి ఇకపై గ్రూపు పనంతా బళ్లోనే, శుక్రవారం చివరి రెండు పీరియడ్లలో. చార్టులు, జిగురు, రంగులు మేమే ఇస్తాం. రెడీమేడ్ మోడళ్లు కొని తెస్తే లెక్కలోకి తీసుకోం.

మీ పిల్లలు ఇంటికొచ్చి ‘ఫలానావాడు ఏమీ చేయడం లేదు’ అంటే, వాడికి ఇచ్చిన పనేమిటో ఒకసారి అడగండి. జవాబు చెప్పడానికి తడబడితే సగం సంగతి మీకే అర్థమవుతుంది. దయచేసి దాన్ని తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పిల్లలు మర్నాడు లంచ్‌లో మర్చిపోయే తగువు, పెద్దవాళ్ల దగ్గర సంవత్సరాంతం దాకా నిలుస్తోంది. ఆ పిల్లవాడి పేరు నలభై ఇళ్లల్లో నానుతుంది.

అన్నీ ఇచ్చినా నిజంగానే చేయని పిల్లలు ఒకరిద్దరు ఉంటారు. వరసగా రెండు శుక్రవారాలు గ్రూపు పుస్తకంలో ఒకరి పేరు దగ్గర ఏమీ లేకపోతే, మొదట టీచరు ఆ నలుగురినీ కూర్చోబెట్టి మాట్లాడతారు. అప్పటికీ కాకపోతే వాళ్ల అమ్మానాన్నలకు మేమే ఫోన్ చేస్తాం. మిగతా ముగ్గురి మార్కులకు దీనివల్ల నష్టం ఉండదు.

కొత్త గ్రూపుల జాబితా దసరా సెలవుల తర్వాత మొదటి సోమవారం డైరీలో అంటించి పంపుతాం. ఏడో తరగతికి చెరువులు, ఎనిమిదికి మూసీ, తొమ్మిదికి బస్తీలో చెత్త ఎక్కడికి వెళ్తుందన్నది అంశం. ఇంట్లో ఖాళీ చెప్పుల డబ్బాలు, పాత క్యాలెండర్లు, ఉప్పు ప్యాకెట్ల అట్టపెట్టెలు ఉంటే పిల్లల చేత పంపించండి. థర్మోకోల్ వద్దు. అడగాల్సింది ఉంటే రెండో శనివారం తప్ప మిగతా శనివారాల్లో ఉదయం పది నుంచి పన్నెండింటి దాకా క్లాస్ టీచర్లు, నేను బళ్లోనే ఉంటాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు