మంత్రి గారూ, ఆ మందు కాన్పుల గదిలోనే ఉంది

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

ప్రజావాణిలో మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాను. మూడు రసీదులు చేతికొచ్చాయి గానీ జవాబు రాలేదు. అందుకే ఇలా రాస్తున్నాను.

మొన్న చలికాలంలో రాత్రి ఒంటిగంటకు ఇరవై నెలల మా బాబు ఉన్నట్టుండి కుక్క మొరిగినట్టు దగ్గడం మొదలుపెట్టాడు. ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతులో కీచుమని చప్పుడు. డొక్కలు ఎగరేస్తున్నాడు. బండి మీద పీహెచ్‌సీకి పరుగెత్తాం. 24 గంటల దవాఖాన అని బోర్డుంది, డాక్టరు గారు లేరు. ఉన్నది ఒక్క సిస్టర్. ఆమెను తప్పు పట్టను, ఇలాంటప్పుడు ఏం చేయాలో ఆమెకు ఎవరు చెప్పారు? తల్లి ఒళ్లోంచి తీసి బల్ల మీద పడుకోబెట్టి, నోట్లో స్పూను పెట్టి టార్చి వేసి చూసింది. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఏడ్చేకొద్దీ ఊపిరి ఇంకా అందలేదు. యాంటీబయాటిక్ సిరప్ ఇచ్చి జిల్లా దవాఖానకు తీసుకెళ్లమంది. 108 వచ్చేదాకా నా భార్య వాడి ఛాతీ మీంచి చెయ్యి తీయలేదు.

జిల్లా దవాఖానలో పిల్లల డాక్టరు దగ్గు వినగానే 'క్రూప్' అన్నారు. వైరస్ వల్ల శ్వాసనాళం పైభాగం వాస్తుందట, దానికి యాంటీబయాటిక్ పనిచేయదట. బాబును తల్లి ఒళ్లోనే ఉంచి, ఏడిపించకుండా వాపు తగ్గించే డెక్సామెథసోన్ అనే మందు ఒక్క డోసు తాగించారు. అడ్రినలిన్ నెబ్యులైజ్ చేసి, దాని ప్రభావం దిగాక మళ్లీ ఇబ్బంది రావచ్చని నాలుగు గంటలు దగ్గరే పెట్టుకున్నారు. తెల్లారేసరికి వాడు పాలు తాగాడు.

సార్, ఆ డెక్సామెథసోన్ సీసాలు ఆ రాత్రి మా పీహెచ్‌సీ కాన్పుల గదిలోనే ఉన్నాయి. నెలలు నిండకుండా నొప్పులొచ్చిన తల్లికి 6 మిల్లీగ్రాముల మొదటి డోసు ఏఎన్ఎం కూడా ఇచ్చి పంపవచ్చని 2014లో కేంద్రమే చెప్పింది. పది కిలోల పిల్లాడికి క్రూప్‌లో ఇచ్చే పూర్తి డోసు కూడా అంతే. సీసా ఉంది, సిస్టర్ ఉంది. పిల్లాడికి ఇవ్వొచ్చన్న ఆర్డరు మాత్రం లేదు.

ఆ ఒక్క ఆర్డరు ఇప్పించండి. కుక్క మొరిగినట్టు దగ్గితే, కీచుమని ఊపిరి తీస్తే ఏం చేయాలో, ఏం చేయకూడదో ఒక పేజీలో తెలుగులో రాసి ప్రతి పీహెచ్‌సీ గోడకు అంటించండి. రాత్రి డ్యూటీ సిస్టర్లకు ఒక పూట ట్రైనింగ్ ఇప్పించండి. డాక్టరును వేయమని కూడా అడగాలనుంది, అది ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నాం. ముందు ఆర్డరు ఇప్పించండి సార్. మళ్లీ చలికాలం వస్తోంది, మా వీధిలోనే రెండేళ్ల లోపు పిల్లలు ఐదుగురున్నారు.

ఇట్లు,
ఒక తండ్రి