క్యాస్లింగ్ చేయని నాన్నకు

ఆమ్‌స్టెల్‌వీన్, నెదర్లాండ్స్,
9 ఫిబ్రవరి 2025

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. పాపకి జలుబు తగ్గి మళ్ళీ బడికి వెళ్తోంది. అక్కడ మీరూ అమ్మా క్షేమమని తలుస్తున్నాను. ఆ మాట మీద నాకు కొంచెం అనుమానం ఉంది గానీ అది చివర్లో రాస్తాను.

వాట్సాప్ ఉండగా వీడు కాగితం మీద ఎందుకు రాస్తున్నాడా అనుకుంటారు. ఫోన్లో మీ చదరంగం సంగతి ఎత్తితే చాలు, "సరేలే, అమ్మ ఏదో మాట్లాడాలంటోంది" అని ఫోను ఆవిడ చేతిలో పెట్టేస్తున్నారు. ఉత్తరంతో ఆ పప్పులుడకవు. అమ్మకిచ్చినా కళ్ళజోడు వెతుక్కుని మరీ పైకి చదివి మీకే వినిపిస్తుంది.

నిరుడు దసరాకి తెనాలి వచ్చినప్పుడు మీ ఫోన్లో చదరంగం ఆడుకునే లీచెస్ యాప్ పెట్టింది నేనే. డబ్బులడగదు, ప్రకటనలుండవు, ఒక ఫ్రెంచి కుర్రాడు 2010లో మొదలుపెట్టాడు, ఇప్పటికీ విరాళాల మీదే నడుస్తోంది అంటే "అయితే మన సత్రం లాంటిదన్నమాట" అన్నారు. అందులో ఎవరి ఆటనైనా ఎవరైనా చూడొచ్చని మాత్రం అప్పుడు చెప్పలేదు. తప్పు నాదే. జనవరిలో మీరాడిన 62 ఆటలూ వారం రోజులు కూర్చుని చూశాను.

లెక్కల మాస్టారికి ముందు లెక్క చెప్పాలి. 29 గెలిచారు, 28 ఓడారు, 5 డ్రా. పైకి చూస్తే సరిసమానం. ఇంకోలా విడదీస్తే మాత్రం వేరే కథ. మంత్రులు రెండూ తొందరగా బోర్డు దిగిపోయిన ఆటలు 24. వాటిలో మీరు 17 గెలిచారు, ఓడింది నాలుగే. మంత్రులుండగానే తేలిపోయినవి 38. వాటిలో గెలిచింది 12, ఓడింది 24. రెండూ ఒక మనిషి ఆడినట్టు లేవు. రెండో రకం ఆటలు చూస్తుంటే ఎదురింటి పిల్లాడు మీ ఫోను లాక్కుని ఆడాడేమో అనిపించింది.

కారణం రెండో రోజుకి దొరికింది. మీరు క్యాస్లింగ్ చేయరు. అదే, రాజుని ఏనుగు వైపు రెండు గళ్ళు జరిపి, ఏనుగుని రాజుకి అవతలి పక్కన దింపి, ఒకే ఎత్తులో రాజుని మూలకి చేర్చి దాచుకోవడం. 62 ఆటల్లో చేసింది తొమ్మిదిసార్లు, అదీ అవతలివాడు మీద పడ్డాక, వేరే దారి లేక.

ఇది మీ తప్పనడానికి నాకు నోరు రావట్లేదు. మీరు ఆట నేర్చుకుంది అరుగు మీద, సుద్దముక్కతో గీసిన గళ్ళలో. ఆ ఆటలో క్యాస్లింగ్ ఎక్కడుంది? బంటు మొదటి ఎత్తులోనైనా ఒక్క గడే కదిలేది. చెక్ పడనంతవరకు రాజుకి ఒక్కసారి గుర్రంలా గెంతే హక్కుండేది. నాకూ ఏడో ఏట అదే నేర్పారు. స్కూలు పోటీలో మొదటి రోజే నేను రాజుని గెంతిస్తే చుట్టూ ఉన్న పిల్లలంతా నవ్వారు, ఏడుస్తూ ఇంటికొచ్చాను. ఆ రాత్రికి రాత్రి మీరు ఎవరి దగ్గరో పుస్తకం అడిగి తెచ్చి కొత్త రూల్సు నాకు నేర్పారు. నాకు నేర్పారు గానీ మీరు నేర్చుకోలేదు.

అందుకే ఇప్పటికీ మీ రాజు, ఎప్పుడో ఒకప్పుడు గెంతకపోతానా అన్నట్టు నడి వరసలోనే కూర్చుంటున్నాడు. ఈలోపు అవతలివాడు మధ్య బంట్లు మార్చుకుని వరస ఖాళీ చేసి, ఏనుగుని తెచ్చి ఎదురుగా నిలబెడుతున్నాడు. సంక్రాంతి నాటి ఆట చూడండి. 18 ఎత్తుల్లో ఆట కట్టు. అరిసెలు తింటూ ఆడారేమో అనుకుని సరిపెట్టుకున్నాను.

విచిత్రం ఏంటంటే, మీ బలం కూడా ఆ అరుగు మీద నుంచి వచ్చిందే. మంత్రులు పోయాక రాజుకి పెద్దగా ప్రాణభయం ఉండదు, అతనూ ఒక సిపాయిలా పని చేయాలి. క్యాస్లింగ్ చేసుకుని మూలన నక్కినవాడి రాజు మధ్యకి నడిచి రావడానికి మూడు నాలుగు ఎత్తులు పడుతుంది. మీవాడు అప్పటికే అక్కడున్నాడు. పైగా మీకు రాజుని నడిపించడం బాగా తెలుసు. ఇద్దరు రాజులు మధ్యలో ఒక్క గడి వదిలి ఎదురుబొదురు నిలబడితే, ఎత్తు ఎవరి వంతైతే వాడే తప్పుకోవాలి కదా. దీన్ని ఇక్కడ క్లబ్బుల్లో అపోజిషన్ అని పాఠంలా చెప్తారు. మీరు ఆ పేరు వినకుండానే జనవరిలో ఐదు ఆటలు దాంతో గెలిచారు. జనవరి 9న ఒక్క బంటు ఎక్కువతో 71 ఎత్తులదాకా లాగిన ఆట ఉంది చూశారా, దాన్ని మా క్లబ్బు పెద్దాయనకి చూపించాను. ఆయన ఏమీ అనలేదు, మళ్ళీ మొదట్నుంచి వేయమన్నాడు.

మీలాంటివాడే మీర్ సుల్తాన్ ఖాన్. మన పాత రూల్సుతో పెరిగినవాడు. 1929లో ఇంగ్లండు వెళ్ళి ఆ ఏడే బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు, ఆ తర్వాత 1932, 33ల్లో కూడా. మాజీ ప్రపంచ ఛాంపియన్ కాపాబ్లాంకాని కూడా ఓడించాడు. ఆయన ఆట గురించి రాసినవాళ్ళంతా చెప్పేది ఒకటే: మొదలు బలహీనం, ముగింపు గట్టి. నిరుడు ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే వాళ్ళు ఆయనకి గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదిచ్చారు, ఆయన పోయిన ఇన్నేళ్ళకి. అయితే నాన్నా, సుల్తాన్ ఖాన్ క్యాస్లింగ్ నేర్చుకున్నాడు.

నల్లవాటితో మీరు కట్టేది ఎప్పుడూ ఒక్కటే. రాజు వైపు గుర్రాన్ని తీస్తారు, దాని ముందున్న బంటుని ఒక గడి జరుపుతారు, ఆ సందులో శకటుని కూర్చోబెడతారు. ఇది మీరు కనిపెట్టారనుకుంటున్నారు. దీని పేరు కింగ్స్ ఇండియన్. 19వ శతాబ్దంలో కలకత్తాలో మహేశ్‌చంద్ర బెనర్జీ అనే ఆయన, జాన్ కోక్రేన్ అనే బారిస్టరు మీద ఇలాగే ఆడేవాడు. బంటుని ఒక్క గడే జరపడం అలవాటైన చేతికి ఈ కట్టుబాటు సహజంగా వస్తుంది. నాకు నచ్చనిదల్లా ఆ తర్వాతది. గుర్రం లేచింది, శకటు లేచింది, రాజుకీ ఏనుగుకీ మధ్య దారంతా ఊడ్చి ముగ్గు కూడా వేసి పెట్టుకుని, లోపలికి వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడిపోతారు! ఒక్క ఎత్తు. ఆ ఒక్కటీ వేయండి.

(మాటలో మాట. ఇక్కడి వాళ్ళు మంత్రిని దొరసాని అంటారు, శకటుని పరుగు మనిషి అంటారు, ఏనుగేమో బురుజు. గుర్రం మాత్రం గుర్రమే.)

ఇక గడియారం. 28 ఓటముల్లో ఏడు టైమైపోయి ఓడినవి. వాటిలో నాలుగింట్లో మీరే గెలుస్తున్నారు. పది నిమిషాల ఆటలో మొదటి పదిహేను ఎత్తులకే ఆరు నిమిషాలు తినేస్తున్నారు, చివర్లో మీ సొంత రాజ్యమైన ముగింపు వచ్చేసరికి ముప్ఫై సెకన్లు కూడా ఉండట్లేదు. ఏ భోజనానికైనా చివరి పెరుగన్నం తినకుండా లేచే మనిషి కాదు మీరు. 15 నిమిషాలు, ఎత్తుకి 10 సెకన్లు కలిసొచ్చే ఆట పెట్టుకోండి. ఎత్తెత్తుకీ టైము కలిసే గడియారానికి మాజీ ప్రపంచ ఛాంపియన్ బాబీ ఫిషర్ 1989లో పేటెంటు తీసుకున్నాడు. కోనేరు హంపి 2019లో మాస్కోలో, మళ్ళీ మొన్న డిసెంబరులో న్యూయార్క్‌లో ప్రపంచ రాపిడ్ ఛాంపియనైంది సరిగ్గా ఈ 15, 10 లెక్కలోనే. గుడివాడ పిల్ల ఆడే టైములో ఆడటానికి తెనాలి మాస్టారికి నామోషీ ఉండకూడదు.

వేలు జారి పక్క గడిలో పడ్డవి ఆరున్నాయి. సెట్టింగ్స్‌లో ఎత్తు వేశాక "ఖాయమేనా" అని అడిగేలా పెట్టుకునే వీలుంది. ఆదివారం వీడియో కాల్‌లో నేను పెట్టిస్తాను, మీరు నొక్కొద్దు.

ఓ పోలండ్ కుర్రాడు కంప్యూటరు చూసి ఆడాడని అమ్మతో రెండు రోజులు గొడవపడ్డారట. ఆ ఆటని ఇంజనుకి, అంటే ఎత్తుల్లో తప్పొప్పులు చెప్పే కంప్యూటరు ప్రోగ్రాముకి, ఇచ్చి చూశాను. వాడు నాలుగు ఘోరమైన తప్పులు చేశాడు. మీరు ఐదు. కంప్యూటరు పెట్టుకున్నవాడు అలా ఆడడు నాన్నా. ఆ ఆట ఓడిన కోపంలో వెంటవెంటనే ఇంకో మూడు ఆడి మూడూ పోగొట్టుకున్నారు, అసలు నష్టం అక్కడ జరిగింది. ఒకటి ఓడితే లేచి మొక్కలకి నీళ్ళు పోయండి.

"నాకు పది ఎత్తులు ముందు కనపడదురా, వయసైపోయింది" అన్నారు మొన్న. అది వయసు కాదు. ఈ దేశంలోనే డి గ్రోట్ అనే సైకాలజిస్టు 1940ల్లో దీని మీద పరిశోధన చేశాడు. గొప్ప ఆటగాళ్ళకీ మామూలు వాళ్ళకీ ఒక్కటే బోర్డు చూపించి, ఆలోచించేది పైకి చెప్పమన్నాడు. గొప్పవాళ్ళు మరీ ఎక్కువ దూరం ఏమీ చూడట్లేదని తేలింది. వాళ్ళకి మంచి ఎత్తు మొదట్లోనే కంటికి ఆనుతోంది, అంతే. కొన్ని సెకన్లు చూపించి తీసేసినా దాదాపు బోర్డంతా మళ్ళీ పేర్చేశారట. మీరు క్లాసులోకి రాగానే హోంవర్కు చేయనివాడు ఎక్కడ కూర్చున్నాడో మీకు ఎలా తెలిసేది? ఇదీ అలాంటిదే. రోజూ ఐదు పజిల్స్ చేయండి, కళ్ళకి అలవాటవుతుంది. గుర్రంతో జంట దెబ్బ కొట్టడంలో మీకు ఆ కన్ను ఎలాగూ ఉంది. ఏనుగూ శకటూ దూరం నుంచి కొట్టేవే మీకు ఆనట్లేదు.

పోయిన ఆదివారం చదరంగం పోటీలు చూడ్డానికి వైక్ ఆన్ జీ అనే ఊరు వెళ్ళొచ్చాను. బెవర్‌వైక్ దాకా రైలు, అక్కణ్ణించి బస్సు, దిగితే సముద్రపు గాలి చెవులు కోసేస్తుంది. 1938 నుంచి జరుగుతున్న టోర్నమెంటు. మన వరంగల్ అబ్బాయి అర్జున్ 2022లో ఛాలెంజర్స్ అనే రెండో శ్రేణి పోటీ గెలిచింది అక్కడే. ఈసారి చివరి రౌండులో ప్రపంచ ఛాంపియన్ గుకేశ్‌ని ఓడించాడు. హాల్లో కిక్కిరిసిన జనం మధ్య నేను చూడగలిగింది అర్జున్ చెవి ఒక్కటే, అయినా తృప్తిగా ఉంది. గ్రాండ్‌మాస్టర్లు ఆడే ఆ హాల్లోనే మామూలు మనుషులకీ వరసగా బల్లలేస్తారు. మీ వయసాయన ఒకాయన ఎనిమిదో ఎత్తులోపే క్యాస్లింగ్ చేసేసి, లేచి వెళ్ళి బఠాణీల సూపు తెచ్చుకుని నింపాదిగా తాగుతున్నాడు. మీరు ఆ బల్ల దగ్గర కూర్చున్నట్టు అనిపించింది. సూపు మాత్రం మీకు నచ్చదు, ఉప్పూ కారం ఉండదు.

ఇప్పుడు ఆ అనుమానం సంగతి. 62లో 11 ఆటలు మీ టైములో రాత్రి ఒంటిగంటకీ నాలుగింటికీ మధ్య ఆడినవి. ఎనిమిది ఓడారు, అది వదిలేయండి. మాకు రాత్రి పదింటికి పాపని పడుకోబెట్టి ఫోను తీస్తే మీ పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతుంటుంది. అక్కడ రెండున్నర. అమ్మనడిగితే "ఆయనకేం, హాయిగా పడుకుంటున్నారు" అంది. ఆవిడకి తెలియదన్నమాట. మోకాలి నొప్పేమో అనుకున్నాను. తర్వాత వెనక్కి వెళ్ళి చూశాను. ఈ రాత్రి ఆటలు డిసెంబరు మూడో వారంలో మొదలయ్యాయి. పెద్దత్తయ్య పోయింది ఆ వారమే.

నేను రాలేకపోయాను. ఫోన్లో కూడా సరిగ్గా మాట్లాడలేదు, మీరు "అన్నీ సవ్యంగా జరిగాయి" అన్నారు, నేను సరేనన్నాను. నిద్ర పట్టకపోతే అమ్మని లేపండి, లేకపోతే నాకు చేయండి. మీ రెండున్నరకి నేనెలాగూ మెలకువగానే ఉంటాను. ఆటే ఆడదాం. డాక్టరుకి కూడా ఓ మాట చెప్పండి.

ఇంకొక్కటి. జనవరి 22, తెల్లవారుజామున మూడింటి ఆట. అవతల ఎవరో కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళు, బంట్లు ఎలా కదుపుతున్నారో చూస్తేనే తెలిసిపోతుంది. తొమ్మిదో ఎత్తులో మీరు ఏనుగుని ఊరికే ఇచ్చేశారు. వేలు జారింది కాదు, ముందు నిమిషంన్నర ఆలోచించారు. ఇంజను దానికి రెండు ప్రశ్నార్థకాలు పెట్టింది, ఘోరమైన తప్పని. ఏనుగు తక్కువతోనే 60 ఎత్తులు ఆడి గెలిచారు కూడా. చిన్నప్పుడు అరుగు మీద అత్తయ్య మీకు ఏనుగు ఇచ్చి ఆడేదని ఒకసారి చెప్పారు. ఆ ఏనుగు ఎందుకిచ్చారో నాకు రాయండి.

మీ అబ్బాయి