రిమోట్ మీటలు ఎవరి కోసం?

సంపాదకుల వారికి,

సాయంత్రమైతే మా అమ్మకు సప్తగిరి చానల్ పడాల్సిందే. పాత టీవీలో అంకె నొక్కితే వచ్చేసేది. సంక్రాంతికి కొన్న స్మార్ట్ టీవీ వేస్తే ముందు తెరంతా ఏదో సినిమా ప్రకటన. దాని కింద ‘మీ కోసం’ అంటూ వరసలు, సగం హిందీవే. సెట్‌టాప్ బాక్సు గుర్తు ఎక్కడో అట్టడుగున. రిమోట్‌లో నాలుగు యాప్‌ల మీటలు అచ్చేసి ఇచ్చారు. పొరపాటున చెయ్యి తగిలితే చందా కట్టమంటుంది! వాటిని మార్చుకునే వీలుందా అని ట్రంకు రోడ్డు అంగట్లో అడిగితే, “ఏది కొన్నా ఇంతేన్నా” అన్నాడు. కంపెనీలు ఆ మీటల్నీ మొదటి తెరలో చోటునూ యాప్‌లవాళ్లకు అమ్ముకుంటాయి మరి. టీవీకి డబ్బులు పోసింది మాత్రం మనం.

బ్రిటన్ 2024లో మీడియా చట్టం చేసింది. బీబీసీ లాంటి ప్రజా ప్రసార సంస్థల యాప్‌లు స్మార్ట్ టీవీల్లో సులువుగా కనబడాలని అందులో ఉంది. దూరదర్శన్‌ను నడిపే మన ప్రసార భారతి కూడా అదే ఏడాది నవంబరులో ‘వేవ్స్’ అనే యాప్ తెచ్చింది. మా టీవీ మొదటి తెరలో దాని జాడే లేదు. కేంద్రం ఇక్కడా అలాంటి నిబంధన పెట్టాలి. మొదటి తెర వరసనూ రిమోట్ మీటల్నీ కొన్నవాళ్లే మార్చుకునే వీలివ్వాలి. భాష తెలుగు అని ఎంచుకున్నాక తెలుగువే ముందు చూపాలి.

– ఒక టైలరు, మూలాపేట, నెల్లూరు